బిళ్ళగన్నేరు సారు

మా వృక్షశాస్త్రం సారు పోయారని కరీంనగర్ బస్టాండులో ఒక పాత విద్యార్థి చెప్పాడు. గుండె ఆగి, కూర్చున్న కుర్చీలోనే పోయారట. నేను అదే కాలేజీలో ఆయన దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి. కబురు వినగానే గొడ్డలి దెబ్బకు వంకర తిరిగిన ఆయన కుడిచెయ్యి నా కళ్ళ ముందు మెదిలింది. ఆ దెబ్బ పడినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

సారుది ఆసిఫాబాద్ దగ్గర పల్లె. ఊరికే ఆకు తెంపిన విద్యార్థిని ఎందుకు తెంపావని నిలదీసేవారు. చాయ్ సాసరులో పోసుకుని, అది చల్లారి మీగడ కట్టినా సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తేవారు కాదు. "కంటితోని చూసింది చెప్పు తమ్మీ, మనసుల అనుకున్నది చెప్పకు" అని ఎన్నిసార్లు అన్నారో. నాకు వచ్చిన కాస్త చదువూ ఆ మాట పెట్టిన భిక్షే.

ఆయన చిన్నప్పుడు తల్లికి రొమ్ము మీద రాచపుండు లేచింది. ఊళ్ళోవాళ్ళు ఆమెను మంచానికి కట్టి, ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారట. మాంసం కాలిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉందని ఒకసారి నాతో అన్నారు. అందుకే ఎక్కడ ఏ ఆకు, ఏ బెరడు పుండుకు వాడతారని విన్నా తెచ్చి, రసం తీసి, అందులో ఉల్లిగడ్డ వేళ్ళు నానబెట్టి చూసేవారు. వేరు కొసన కణాలు ఎప్పుడూ రెండుగా చీలుతూ పెరుగుతుంటాయి. ఏ రసానికైనా ఆ చీలిక ఆగుతుందా అన్నదే ఆయన వెతుకులాట. రాచపుండు అంటే ఆగకుండా చీలే కణాలే కదా.

చాలా రసాలకు ఏమీ కాలేదు. కొన్నిటికి వేరు మొత్తం కుళ్ళిపోయింది. బిళ్ళగన్నేరు ఆకు రసంలో మాత్రం వేరు బతికే ఉంది, కణాలు చీలబోయి మధ్యలో నిలిచిపోయాయి. ఆయన నన్ను పిలిచి చూడమన్నారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆయన మాత్రం మళ్ళీ చేద్దాం అన్నారు.

ఈ సంగతి కాలేజీ గేటు దాటి బొగ్గుబాయిల దాకా పోయేసరికి, సారు రాచపుండుకు మందు కనిపెట్టాడని అయింది. అది విని ఒక బాయి కార్మికుడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె రొమ్ము పుండు పగిలి చీము కారుతోంది. సారు ఆ పుండు చూసి గోడకు ఆనుకున్నారు.

"నేను ఉల్లిగడ్డ వేరు మీద చూసిన. మనిషికిస్తే బతుకుతదో చస్తదో తెల్వదు. పట్నం పెద్ద దవాఖానకు తీస్కపో" అన్నారు.

అతను కాళ్ళ మీద పడ్డాడు. ఆమె మాత్రం మెల్లగా అంది: "జర తాగిచూస్త సారూ. ఎట్లనన్న పోయేదాన్నే గద."

సారు ఇవ్వలేదు. పట్నం దవాఖానలో ఆలస్యమైందన్నారు. ఆమె పోయింది.

దినాలు కాగానే అతను మా ప్రయోగశాలలోకి గొడ్డలితో వచ్చాడు. మొదటి దెబ్బకు సూక్ష్మదర్శిని ఎగిరిపడింది. రెండోది సారు తల మీదికి వస్తే చెయ్యి అడ్డం పెట్టారు. మోచెయ్యి దగ్గర ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నేను వెనక నుంచి పట్టుకున్నా విదిలించుకుని, కిందపడ్డ మనిషిని గాజుపెంకుల మీద తన్నాడు. "మందుండంగ ఇయ్యక నా పెండ్లాన్ని సంపినవ్" అంటూనే తన్నాడు. నెత్తురు గుమ్మం దాకా పారింది. విద్యార్థులు వచ్చి పడ్డాక గానీ ఆగలేదు.

సారు కోర్టులో జరిగింది జరిగినట్టు చెప్పారు. అతనికి జైలు పడింది. ఆయనేం జాలి చూపలేదు. నొప్పి లేచినప్పుడల్లా వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవారు. తిడుతూనే ఎడమచేత్తో ఉల్లిగడ్డ వేళ్ళు కొయ్యడం నేర్చుకున్నారు.

కొన్నేళ్ళకు ఒక విదేశీ పత్రిక వచ్చింది. బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందును నెత్తురు కాన్సరుకు అక్కడి డాక్టర్లు ఇస్తున్నారని అందులో ఉంది. సారు చదివి, సిరాబుడ్డి తీసుకుని గోడకేసి కొట్టారు. తర్వాత, మంథని పోదాం రమ్మన్నారు. జైలు నుంచి వచ్చి అతను అక్కడ అన్న పొలంలో ఉంటున్నాడు.

నేను వద్దన్నాను. "వాడు మందున్నదన్నడు, నేను తెల్వదన్న. ఇద్దరి మాటా నిజమే అయింది. వానికి తెల్వాలె" అన్నారు.

పొలం గట్టు మీద నిలబడి సారు అంతా చెప్పారు. ఆమె రోగానికి పనికొచ్చేదో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదనీ, కానీ ఆ ఆకులో గుణం ఉన్నమాట నిజమనీ చెప్పారు. అతను వరి కోస్తున్న కొడవలి కింద పెట్టాడు.

"మందే లేదు, ఎట్లనన్న పోయేదేనని జైల్ల మనసుకు చెప్పుకున్న సారూ. గదొక్కటి పట్టుకోని బతుకుతున్న. గది గూడ గుంజుకుంటివి. పో. ఇంకోపాలి నా చేతికి పనిచెప్పకు."

వెనక్కి నడిచాం. అతను గట్టు వెంట మా వెనకే వచ్చాడు. బస్సెక్కాక సారు "చెప్పకుంటే బాగుండునా తమ్మీ?" అని అడిగారు. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే, అతను పిడికిలి పట్టేంత రాయి ఎత్తుకుని రోడ్డు నడుమ నిలబడి ఉన్నాడు. విసరలేదు, పారెయ్యలేదు. దుమ్ము కమ్మేదాకా ఆ చెయ్యి అట్లాగే పైకి లేచి ఉంది.