నేపాల్ గేటు దగ్గర నా పెద్దరికం

నిండు బస్సు యాత్రికులను ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి దాటించే బాధ్యత నాలాంటివాడి మీద పెడితే ఏమవుతుందో తెలుసుకోవాలని మీకు సరదాగా ఉంటే కాసేపు కూర్చోండి. జరిగినది ఘోరమే. ప్రాణనష్టం లేదు గానీ పచ్చళ్ల నష్టం మాత్రం భారీగా జరిగింది.

మాది రాజోలు. మస్కట్‌లో ఒక బట్టల కొట్టులో పనిచేసి తిరిగొచ్చి, అప్పుడే సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాను. మా అమ్మకు అక్క మంగతాయారు దొడ్డమ్మ ఏటా తెలిసినవాళ్లను పోగుచేసి, బస్సు మాట్లాడి యాత్రలకు తీసుకెళ్తుంది. ఆ ఏడు కాశీ, గోరఖ్‌పూర్ మీదుగా నేపాల్ వెళ్లి పశుపతినాథుణ్ణి చూసి రావాలని తలపెట్టింది. దేశం దాటాలంటే భయమేస్తోందని ఎవరో అంటే ఆవిడ తొణక్కుండా చెప్పింది.

"మా చంటిగాడున్నాడు కదండీ. ఇదేశం తిరిగొచ్చేడు. ఆ ఆఫీసులూ అయ్యీ అన్నీ ఆడు చూసుకుంటాడు."

మీ దగ్గర దాపరికం ఎందుకు. మస్కట్ వెళ్లిన రోజు మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ మనిషే పట్టుకుని ముందు నడిచాడు. మేం ఆయన వెనకాల బాతుపిల్లల్లా నడిచాం. ఎవరు ఏం అడిగారో, ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు. సరిహద్దు గురించి నేను చూసినదల్లా నా ముందువాడి వీపు. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ అందరూ "బాబూ, మీరుండబట్టి ధైర్యంగా ఉందండీ" అంటుంటే, కిటికీ పక్క సీటిస్తుంటే, టిఫిను ముందు నాకే పెడుతుంటే నోరు పెగల్లేదు.

కాశీ దాటాక ప్రశ్నలు మొదలయ్యాయి. మొదట అడిగింది వీరభద్రం గారు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసి మానేసిన పెద్దాయన. పశుపతినాథుడి దగ్గర కొట్టడానికి సొంత తోటలో కాయలు దింపించి బస్తాడు తెచ్చుకున్నారు.

"బాబూ, కొబ్బరికాయలు అటు రానిస్తారాండీ?"

నాకేం తెలుసు. కానీ బస్సు మొత్తం నా నోటి వైపే చూస్తోంది. మస్కట్ విమానాశ్రయంలో ఒకడి సంచిలోంచి కరివేపాకు తీసి పారేయడం గుర్తొచ్చింది.

"కుదరదండీ. మొక్కలకి సంబంధించినవి ఏవీ దాటనివ్వరు."

"ఇది కాయ కదండీ. మొక్క కాదు కదా."

"నాటితే మొక్కే కదండీ."

"ఆయ్," అన్నారాయన, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని కబురొచ్చినట్టు.

వెనక సీటులోంచి ఒకావిడ ఆవకాయ సంగతి అడిగింది. నూనె కారేవి పట్టుకుంటారని చెప్పాను. కందిపొడో అంది ఇంకొకావిడ. పొడి అంటే అసలే అనుమానిస్తారని చెప్పాను. నా గొంతు నాకే నచ్చడం మొదలైంది. బీపీ మాత్రలకు డాక్టరు చీటీ ఉండాలన్నాను. చీటీ ఇంటి దగ్గర మర్చిపోయిన వీరభద్రం గారు కాస్త ఆలోచించి, "పోనీ ఉన్నవన్నీ ఇప్పుడే మింగేయనాండీ?" అన్నారు. ఆయన చేతిలోంచి మాత్రలు లాక్కునేసరికి నాకు బీపీ వచ్చింది.

"మరి ఈ కట్టుడు పళ్లో?"

"నోట్లోనే ఉంచుకోండి. చేత్తో పట్టుకుంటే సామాను కింద లెక్కొస్తాయి."

గోరఖ్‌పూర్ చేరేసరికి బస్సంతా పరీక్ష హాలులా తయారైంది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. పశుపతినాథుడి కాయలన్నీ అక్కడి గుడిలోనే కొట్టించాను. ఒక్కొక్క కాయ పగులుతుంటే వీరభద్రం గారు కళ్లు మూసుకున్నారు. ఆ చిప్పలన్నీ పారేయలేక, బస్సులో మాతో వచ్చిన వంటాయన పచ్చడి చేశాడు, కూరలో వేశాడు, చివరికి చారులో కూడా వేశాడు. ఆవకాయ, మాగాయ జాడీలు లాడ్జి యజమానికి ఇచ్చేశాం. అతను మూత తీసి వాసన చూసి, మేం తనకేదో అపకారం తలపెట్టామన్నట్టు వెనక్కి జరిగాడు.

"ఆవకాయ లేకుండా ముద్ద ఎలా దిగుద్దిరా మనోళ్లకి?" అంది దొడ్డమ్మ.

"రూల్సు దొడ్డమ్మా. మనం ఏం చేస్తాం."

ఆవిడ నన్ను అదోలా చూసి బస్సెక్కింది.

సరిహద్దు ఊరికి మధ్యాహ్నానికి చేరాం. ఎండ మండిపోతోంది. లారీలు బారులు తీరి ఉన్నాయి, మధ్యలో రిక్షాలు, సైకిళ్లు, మూటలు నెత్తిన పెట్టుకున్న జనం. బస్సుకి కావలసిన కాగితం రాయించుకొస్తానని డ్రైవరు ఎటో వెళ్లాడు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరి ఓటరు కార్డులూ ఉన్న ఫైలు చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాను.

"నేనొచ్చేదాకా ఎవరూ బస్సు దిగకండి. ఎవరైనా ఏమైనా అడిగితే మాట్లాడకండి. నవ్వకండి కూడా."

దిగి చూస్తే అసలు ఆఫీసు ఏదో తెలియలేదు. అడుగుదామంటే పరువు. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న వరసే సరిహద్దు వరస అయి ఉంటుందని తీర్మానించి దాని తోకలో నిలబడ్డాను. చెప్పాల్సిన హిందీ ముక్కలు మనసులో వల్లె వేసుకుంటున్నాను. అధికారి కోపిష్టి అయితే ఎలా, కార్డు మీద ఫోటో మనిషికి సరిపోలేదంటే ఎలా, ఎవరినో ఒకరిని ఆపేస్తే ఆ ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలి? చొక్కా మొత్తం తడిసిపోయాక కిటికీ దగ్గరికి చేరాను. ఫైలు లోపలికి తోశాను. లోపలి మనిషి దాన్ని బయటికి తోశాడు.

"గోరఖ్‌పూర్‌కి ఎన్ని టిక్కెట్లు?" అన్నాడు హిందీలో.

అది వెనక్కి వెళ్లే బస్సు టిక్కెట్ల వరస.

బస్సు దగ్గరికి తిరిగొచ్చేసరికి ముందు సీటు ఖాళీగా ఉంది.

"దొడ్డమ్మేదండీ?"

అందరూ నోరు మూసుకుని కూర్చున్నారు. మాట్లాడొద్దని చెప్పింది నేనే కదా. చివరికి వీరభద్రం గారు గొంతు తగ్గించి చెప్పారు. "టీ తాగొస్తానని దిగేరండీ. చాలాసేపయ్యింది. మీరు దిగొద్దన్నారని చెప్పేం. ఆడికి చెప్పకండి అన్నారు."

ఫోన్ చేశాను. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేశాను. అదే మాట.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను గానీ ఆ క్షణంలో నాకు నిజంగానే భయమేసింది. ఆవిడకు షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. హిందీ నాలుగు ముక్కలు వచ్చు, అవి కూడా సీరియళ్లలోవి. ఆ లారీల మధ్య కళ్లు తిరిగి పడిపోయిందేమో. ఎవరైనా ఎటైనా తీసుకుపోయారేమో. అక్కను జాగ్రత్తగా చూసుకోమని మా అమ్మ బస్సెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇప్పుడు అమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్పను?

ఫైలు సీటు మీద పడేసి పరిగెత్తాను. దొడ్డమ్మ కట్టుకున్న గళ్ల నేత చీర కనిపిస్తుందేమోనని ప్రతి టీ కొట్టులోకీ తొంగి చూశాను. "దొడ్డమ్మా" అని అరుస్తూ రిక్షాల మధ్య నుంచి, లారీల మధ్య నుంచి పడుతూ లేస్తూ వెళ్లాను. ఏదో పెద్ద గేటు అడ్డొచ్చింది. దాని కింద నుంచి దూసుకుపోయాను. ఎవరో వెనక నుంచి ఈల వేశారు. నా కోసం అనుకోలేదు. మళ్లీ వేశారు. తిరిగి చూస్తే నీలం యూనిఫాం మనిషి నా వైపే వస్తున్నాడు. అప్పుడు ఆగాలి కదా. నేను ఇంకా జోరుగా పరిగెత్తాను.

నాలుగు కొట్ల అవతల బల్ల మీద కూర్చుని దొడ్డమ్మ టీ తాగుతోంది. పక్కన గుత్తులు గుత్తులుగా రుద్రాక్షమాలలు బేరమాడి పెట్టుకుంది.

"ఏంట్రా ఆ పరుగు? కుక్క తరిమిందా?"

నేను జవాబు చెప్పేలోపే ఆ పోలీసు వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"కార్డు ఏది?"

"బస్సులో ఉంది సార్."

"బస్సు ఎక్కడుంది?"

"ఇండియాలో సార్."

ఆ మాట అన్నాక గానీ నేనెక్కడున్నానో నాకు తట్టలేదు. చుట్టూ బోర్డుల మీద నేపాల్ అని రాసి ఉంది. దేశం దాటేశాను. కార్డు లేకుండా, పిలిస్తే ఆగకుండా, నేర్చుకున్న హిందీలో ఒక్క ముక్క కూడా వాడకుండా.

సరిగ్గా అప్పుడే మన వైపు నుంచే, ఏదో భీమవరం బస్సు, గేటు దాటి మా పక్క నుంచి వెళ్లింది. టాపు మీద కొబ్బరికాయల బస్తాలు, బియ్యం మూటలు, కిటికీలోంచి కనిపిస్తున్న జాడీలు. పోలీసు దానికేసి తలైనా తిప్పలేదు. అతని దృష్టంతా నా మీదే.

"చూసేవా ఆ బస్తాలు?" అంది దొడ్డమ్మ.

"చూశాను."

"వీరభద్రం గారు చూడకుండా ఉంటే బావుండును."

తర్వాత ఆవిడ నింపాదిగా గ్లాసు కింద పెట్టి, చిన్న పర్సులోంచి తన కార్డు తీసి పోలీసుకు చూపించింది. నా ఫైలుకి ఇచ్చింది జిరాక్సు కాపీ అట. అతను కార్డు చూసి, నమస్కారం పెట్టి, నన్ను చూపించి ఈయన ఎవరని అడిగాడు.

దొడ్డమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తన దగ్గరున్న హిందీ అంతా కూడగట్టుకుని, తెలుగు కలిపి చెప్పింది.

"బేటా, యే హమారా బచ్చా. ఘర్ సే కభీ నహీ నికలా. ఊరు దాటడం పహలీ బార్. పాపం, డర్ గయా."

మస్కట్ తిరిగొచ్చిన నేను, ఎన్నడూ ఇల్లు కదలని, భయపడిపోయిన పిల్లాణ్ణైపోయాను. పోలీసు నా చొక్కా వైపు, నా మొహం వైపు చూశాడు. ఆ మాట నమ్మడానికి అతనికి ఏ కష్టమూ కలగలేదు. నా భుజం వదిలేసి, "మాతాజీ, ఈయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి, మళ్లీ తప్పిపోతాడు" అన్నాడు.

ఆవిడ అక్షరాలా అలాగే తీసుకెళ్లింది. బస్సు మెట్లెక్కేదాకా చెయ్యి వదల్లేదు.

ఆ బస్సు మెట్ల మీదే, యాత్రికులందరి ఎదుటా, పశుపతినాథుడున్న దిక్కుకు తిరిగి మనసులో ప్రమాణం చేశాను. ఇకమీదట నేను ఏ దేశపు సరిహద్దు గురించీ, ఆ మాటకొస్తే మన పక్కనున్న యానాం సరిహద్దు గురించి కూడా, బతికున్నంతకాలం ఎవరికీ సలహా చెప్పను.