కిర్రుమనే కుర్చీ

రిపేరు బాబాయి ఎవరికీ కొన్న వస్తువు కానుకగా ఇచ్చి ఎరగడు. ఎవరి వస్తువు వాళ్ళకే ఇస్తాడు. పేరుకి బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. చుట్టాల్లో ఎవరి పుట్టినరోజు దగ్గరపడినా, వాళ్ళింట్లోంచి పాడైన వస్తువొకటి చడీచప్పుడూ లేకుండా పట్టుకుపోయి, బాగుచేసి, రంగు కాగితం చుట్టి తెచ్చేవాడు.

చెల్లెలి మిక్సీ అలాగే మాయమైంది. ఆవిడ ఇంటిల్లిపాదినీ అనుమానించి, చివరికి కొత్తది కొనుక్కుంది. మర్నాడే పాతది రిబ్బను కట్టుకుని దిగింది.

"అన్నయ్యా, కొత్తదేదైనా ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

"కొత్తదానికి నువ్వెవరో తెలీదుగా" అన్నాడు.

ఆయన సంచిలో ఎప్పుడూ నూనె డబ్బా ఉండేది. కిర్రుమనే తలుపు ఏడ్చే పిల్లతో సమానమని, ఎవరింటికెళ్ళినా అడక్కుండానే నూనె వేసేవాడు. వదిన వంటింటి తలుపొక్కటే ఆయన చేతికి చిక్కలేదు. చీరకి మరకలవుతాయని ఆవిడ దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ వదినకు నిరుడు భర్త పోయాడు. కిటికీ పక్కన ఆయన కూర్చునే చేతుల కుర్చీ మిగిలింది. ఆయన పేపరు మడిచి వెనక్కి వాలగానే అది కిర్రుమనేది. అంటే టీ పెట్టమని. "వస్తున్నా" అని ఆవిడ వంటింట్లోంచి పలికేది. ఇప్పుడు సాయంత్రాలు తనే అందులో కూర్చుని, ఆ చప్పుడు కోసం వెనక్కి వాలుతుంది. వింటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. కుర్చీ కాలొకటి చీలి, నేడో రేపో కూలబడేలా ఉంది. అయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి కిటికీ పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆవిడ వెంటనే మరిదికి ఫోను చేసింది.

"కుర్చీ ఉన్నదున్నట్టు తెచ్చెయ్. నూనె చుక్క పడిందో, మళ్ళీ నా గడప తొక్కొద్దు."

"పుట్టినరోజుకి తెస్తాను వదినా" అని పెట్టేశాడు.

అప్పటిదాకా ఆవిడకు అన్నం సహించలేదు. మరిది చేతిలో పడ్డ చప్పుడేదీ బతికి బట్టకట్టింది లేదు మరి.

పుట్టినరోజు పొద్దున్నే కుర్చీ వచ్చింది. కాలు కొత్తది, చేతులకు మెరుగు. ఆవిడ కూర్చుంది గాని వాలడానికి ధైర్యం చాల్లేదు. చివరికి కళ్ళు మూసుకుని వాలింది.

కుర్చీ కిర్రుమంది.

"కాలు మార్చగానే చప్పుడు పోయింది వదినా" అన్నాడాయన నేల చూస్తూ. "అన్నయ్య వాలితే మీరు వస్తున్నా అనేవారు కదా. ఆ చప్పుడు మళ్ళీ రప్పించడానికే ఇన్నాళ్ళు పట్టింది. చప్పుడు మాన్పడమే గాని చేయించడం నాకేం వచ్చు?"

ఆవిడ కళ్ళొత్తుకుని, టీ పెట్టడానికి లేచి వంటింటి తలుపు తోసింది. తలుపు చప్పుడు చెయ్యలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మరిది నూనె డబ్బాను గబగబా సంచిలో దాస్తున్నాడు.

"ఇదెప్పుడు చేశావు?"

"ఇందాక మీరు వాలాలా వద్దా అని జంకుతుంటే" అన్నాడు. "చక్కెర కాస్త ఎక్కువ వెయ్యండి వదినా."