దేవుడి కండువాకు పాత కొసలు

నీళ్ల డ్రమ్ముకు దండం పెట్టే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. సూరత్ గోడాదరాలో మా బిల్డింగు మూడో అంతస్తులో మా గది పక్క గది ఎల్లవ్వది. పొద్దున్నే కుళాయి వచ్చి డ్రమ్ము నిండగానే ముందు ఆ తాపీ నది నీళ్లకు దండం. "తాపీ తల్లీ, సల్లంగ సూడు" అంటుంది. తర్వాత సూర్యుడికి. తర్వాత కరెంటు తీగల మీది కాకులకు. చివరికి నేను చీరలకు రాళ్లంటించే గమ్ము డబ్బాకు కూడా ఒక దండం పడుతుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏందవ్వా, గమ్ముకు గుడ మొక్కుతవా?"

"గమ్ము ఏడికెల్లి అచ్చింది బిడ్డా? చెట్టుదో, భూమి కడుపులదో. దాంతోని నీ పొయ్యి మండుతలేదా? నువ్వు, గమ్ము, గా కాకి, తాపీ తల్లి, పైన సుక్కలు... అందరం ఒక్క పడుగు మీది పోగులమే. ఒక్కటి తెగితే పక్కది వదులైతది."

"మరి నీ పక్క పోగును నేనే గద. ఇంత సతాయిస్తున్న, వదులైతలేవేంది?" అనేదాన్ని. ఆమె బోసినోటితో నవ్వేది. నా పేరు సుమన. నా నోరు మంచిది కాదని మా ఆయన శివకృష్ణ గల్లీ అంతా చెప్పుకుంటాడు. నిజమే. అయినా ఆ రాఖీ పున్నమి నాడు ట్రక్కు మీద ఏం జరిగిందో చెప్పాలంటే నా నోరే కావాలి, ఆయన వల్ల కాదు.

ఎల్లవ్వది సిరిసిల్ల పక్కన ఓ నేతగాళ్ల ఊరు. తండ్రి నర్సింగంకు మగపిల్లలు లేరు. ఈమెనే గుంట మగ్గంలో కూర్చోబెట్టి నేత నేర్పాడు. పదిహేనేళ్లకే పంచె మొత్తం ఒక్కతే నేసేదట. పంతొమ్మిదో ఏట పెళ్లయి సూరత్ వచ్చింది. ఇక్కడ మర మగ్గాల దగ్గర మగవాళ్లే నిలబడతారు. ఆడవాళ్లకు చీరలు మడతపెట్టడం, పోగులు కత్తిరించడం, నాలాగా రాళ్లంటించడం. నలభై మూడేళ్లు ఎల్లవ్వ చీరలు మడతపెట్టింది. ఒక్క రోజూ మగ్గం ముట్టలేదు. భర్త పోయి ఆరేళ్లయింది. ఆమె ఏడవగా నేను చూసింది తండ్రి మాట వచ్చినప్పుడే.

"మా నాయిన సూరత్ సూడకుంటనే పాయె" అనేది. ఎన్నిసార్లు రమ్మన్నా ఆయన రాలేదట. "మగ్గానికి మనిషి అవసరం లేని ఊరికి నేనెందుకు?" అని అలిగి కూర్చున్నాడట. ఆయన పోయాక పాలివాళ్లు మగ్గం కట్టెను పొయ్యిలోకి వాడుకున్నారు. ఎల్లవ్వకు దక్కింది అచ్చు ఒక్కటే. అచ్చంటే మగ్గం మీద పడుగును, అంటే నిలువు పోగులను, వరసగా పట్టి ఉంచే దువ్వెనలాంటిది. దాన్ని మంచం కింద ట్రంకు పెట్టెలో పాత చీరలో చుట్టి దాచుకుంది.

ఆ అచ్చులో ఒక సంగతి ఉంది. నేతగాడు గుడ్డ పూర్తయ్యాక పడుగు మొత్తం ఊడదీయడు. అచ్చులో జానెడు కొసలు వదిలి కోస్తాడు. మళ్లీ కొత్త పడుగు తెచ్చినప్పుడు దాని ఒక్కో పోగును ఆ పాత కొసలకు ముడేస్తాడు. ముళ్లు అచ్చు దాటి ముందుకొస్తే ఆ పాత కొసలే కొత్త గుడ్డ మొదటి అంచున వేలాడతాయి. అందుకని ప్రతి గుడ్డ వెనకటి గుడ్డకు అతుక్కునే పుడుతుంది. ఎల్లవ్వ పెట్టెలోని అచ్చులో నర్సింగం నేసిన ఆఖరి పడుగు కొసలు అలాగే ఉన్నాయి, పసుపెక్కి, ఎవరూ ముడేయక.

ఇక రాఖీ పున్నమి. నేతపని చేసే మా శాలోళ్లకు అది నూలు పున్నమి. మార్కండేయ స్వామి రథం గోడాదరా గల్లీల్లో తిరిగి గుడికి చేరుతుంది. రథం వెనక ట్రక్కు మీద చేతిమగ్గం నడుస్తుంది. గుడి గేటు వచ్చేలోపు మూడు మూరల కండువా నేసి స్వామి భుజాన వేయాలి. బండి ఎక్కడా ఆగకూడదు. నేసేవాళ్లు ఉపవాసముండాలి. ముఖ్యంగా ఎంగిలి తగలకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ పని లింగమూర్తిది. ఆయన పండుగకు పది రోజుల ముందు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు!

గుడి హాల్లో మీటింగు పెట్టారు. ఇన్ని వేల మర మగ్గాలు తిప్పే మగాళ్లు, ఒక్కడికీ చేతిమగ్గం రాదు! నా మొగుడు "గదెంత పని" అని అక్కడున్న రథం మగ్గం ముందు కూర్చున్నాడు. పోగు తెగింది. మర మగ్గమైతే పోగు తెగగానే దానంతటదే ఆగుతుంది కదా, ఈయన అది ఆగుతుందని చూస్తూ బాదుతూనే ఉన్నాడు. బెత్తెడు గుడ్డ పాడుచేసి లేచాడు. ఇంకొకాయన అంత కూడా చేయలేదు. అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు లేచింది ఎల్లవ్వ.

"నేను నేస్త" అంది.

గుడి పెద్ద లక్ష్మీరాజం ముఖం ముడుచుకుంది. డెబ్బై దాటిన మనిషి, నిక్కచ్చి మనిషి. "రథం మగ్గం మీద ఆడోళ్లు ఎన్నడు కూసోలే చెల్లే."

"మరి మగోళ్లు కూసుంటున్నరా అన్నా?" అన్నాను నేను. హాలంతా గొల్లుమంది. లింగమూర్తి కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "ఆమెకు అస్తది. నాకు తెల్సు. కూసోనియ్యిండ్రి" అన్నాడు. లక్ష్మీరాజం చాలాసేపు నసిగి చివరికి వేలు చూపించి చెప్పాడు, "నియమం తప్పిందంటే గుడ్డ ఆడికాడ కోసేస్త. స్వామి మీదికి పోదు."

"సరే అన్నా. నాదొక్కటే మాట. మా నాయిన అచ్చు పెట్టనియ్యి."

పండుగ ముందు రెండు రోజులు నేను రాళ్లంటించలేదు. కొత్త పడుగు ఒక్కో పోగును అందిస్తే, ఎల్లవ్వ తండ్రి వదిలిన ఒక్కో కొసకు ముడేసింది. నాలుగు వందల పైచిలుకు ముళ్లు. ప్రతి ముడికీ పెదవులు కదిలేవి. ఏం గొణుగుతున్నావని అడిగితే, "ఏం లే. ఇగ రా నాయినా, ఇగ రా అంటున్న" అంది. నా నోటికి ఒక్క ఎకసెక్కం మాట రాలేదు, నమ్మండి.

పున్నమి నాడు డప్పులు, గులాలు, రాఖీలు కట్టుకుని పరుగెత్తుకొచ్చే పిల్లలు, మేడల మీద జనం! ట్రక్కు నడుపుతున్నది నా మొగుడే. మగ్గం ముందు ఎల్లవ్వ, పక్కన అడ్డంగా వేసే పేక నూలును కండెలు చుట్టి అందిస్తూ నేను, స్వామి ఉత్సవ విగ్రహాన్ని కాపలా కాస్తున్నట్టు లక్ష్మీరాజం. ఎల్లవ్వ కళ్లు మూసుకుని సూర్యుడికి, నూలుకు, ట్రక్కు టైరుకు కూడా దండం పెట్టింది. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరింది. నలభై మూడేళ్లు! మొదటిసారి తడబడింది, రెండోసారి వంకర పోయింది, మూడోసారి అటు నుంచి ఇటు సర్రున దూసుకొచ్చింది. నేను ఈల వేశాను. అవును, నేనే.

కానీ ఎండ! నాలుగు రోజులుగా చినుకు లేదు. పత్తి నూలుకు తేమ ఉండాలి, ఎండిందంటే పుటుక్కుమంటుంది. మొదటి మూరలో ఎనిమిది పోగులు తెగాయి. తెగినప్పుడల్లా ముడి. బండి ఆగదు. సగం దారి దాటేసరికి మూర మీద బెత్తెడే అయింది. ఎల్లవ్వ నాడెను తొందరపెడుతోంది.

"తొందరేం లే అవ్వా" అన్నాను.

కండె అయిపోయింది. కొత్త కండె నాడెలో పెట్టింది. పోగును నాడె కన్నంలోంచి బయటికి లాగడానికి లింగమూర్తి చిన్న తీగ కొక్కెం ఇచ్చాడు, అది ఆమె కొంగుకే కట్టి ఉంది. కానీ చిన్నప్పుడు నేర్చిన నేత వేరు. నాడెను నోటికి పెట్టుకుని ఒక్క పీల్పు పీలిస్తే పోగు బయటికి వస్తుంది. ఎల్లవ్వ పీల్చింది!

"ఎంగిలి!" లక్ష్మీరాజం అరిచాడు. "ఎంగిలి అయింది! ఆపుండ్రి!"

డప్పులు ఆగాయి. ఎన్నడూ ఆగని బండి ఆగింది. ఎల్లవ్వ నాడె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏం చేసిందో అప్పుడు తెలిసింది ఆమెకు.

"తప్పయింది అన్నా. నోటికి అలవాటు. నాకు సోయి లేకపాయె."

"నియమం ముందుగాల్నే చెప్పిన." ఆయన జేబులోంచి బ్లేడు తీశాడు. కక్షతో కాదు, ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"కోయి అన్నా. కాని గా మొదటి అంచు మాత్రం నాకియ్యి. మా నాయిన కొసలున్నయి."

ఇక నేను ఆగలేదు. "ఏం కోస్తరు? గా పత్తికాయను పురుగు ముట్టలేదా? గా నూలు తీసినోళ్ల చెమట పడలేదా? గంజి కాసినోళ్లు దగ్గలేదా? అన్ని ముట్టినంక ఎల్లవ్వ నోరొక్కటే అడ్డమచ్చిందా?" అని గొంతు చించుకున్నాను. లక్ష్మీరాజం నా వైపు చూడనే లేదు. కోసే ముందు నాడెను పక్కన పెడదామని ఎల్లవ్వ చేతిలోంచి తీసుకున్నాడు. పోగు కన్నంలోంచి మళ్లీ లోపలికి జారింది.

జారిన పోగును చూసి ఏ శాలోడి చెయ్యి ఊరుకుంటుంది? ఆయన నాడెను ఎత్తాడు. నోటికి పెట్టుకున్నాడు. సుర్రున పీల్చాడు. బయటికొచ్చిన పోగు కొసను పెదవుల మధ్య తడిపి, వేళ్లతో నులిమి, ఎల్లవ్వకు అందించబోయి, ఆగిపోయాడు.

ట్రక్కు చుట్టూ వెయ్యి మంది. అందరూ చూశారు. ముందుగా ట్రక్కు పక్కనున్న లింగమూర్తి నవ్వాడు. విరిగిన చెయ్యి పట్టుకుని, నొప్పి అని మూలుగుతూ నవ్వాడు. తర్వాత గల్లీ గల్లీ నవ్వింది. మేడల మీద ఆడవాళ్లు నవ్వారు. నాకు కడుపులో నొప్పి వచ్చేదాకా నవ్వాను. లక్ష్మీరాజం తన చేతిలోని నాడెను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మా అయ్య దగ్గర నేర్సిన. అరవై ఏండ్లాయె ముట్టక" అన్నాడు మెల్లగా. "నేను మర్సిన, నోరు మర్వలే." బ్లేడును రోడ్డు పక్క మోరీలోకి విసిరేశాడు. స్వామి వైపు తిరిగి లెంపలేసుకుని, నాడెను రెండు చేతులతో ఎల్లవ్వకిచ్చాడు. "శాలోళ్ల దేవునికి శాలోళ్ల నోరు తెల్వదా? నెయ్యి చెల్లే!"

డప్పు దద్దరిల్లింది. బండి కదిలింది. అప్పుడు నా ముంజేతి మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇంకొకటి. తల ఎత్తితే తాపీ వైపు నుంచి మబ్బు!

"తాపీ తల్లి అచ్చింది!" ఎల్లవ్వ కేక పెట్టింది. "సూడుండ్రి, నూలు మెత్తవడ్డది!"

తుంపర. నూలుకు పట్టించిన గంజి కరిగేంత వాన కాదు, నూలు ఊపిరి పీల్చుకునేంత తడి. ఆ తర్వాత ఒక్క పోగు తెగితే ఒట్టు! ఎండ నది మీంచి ఎత్తుకుపోయిన నీళ్లే కదా ఇవి. మా డ్రమ్ములో నిండే నీళ్లకు చుట్టాలే కదా. అవి వచ్చి ఈ ముసలిదాని నూలును తడుపుతున్నాయి, ఆ నూలు ఏ నేలలోనో పండింది, ఆ నేల మీద ఇదే సూర్యుడు కాశాడు. ఇన్నేళ్లు ఆమె చెబితే వెక్కిరించిన మాట, ఆ ట్రక్కు మీద నా ఒళ్లంతా పాకింది. నేను ఏదో ఒక పోగునని, నా రెండు పక్కలా ఎవరెవరో ఉన్నారని తెలిసింది. సంతోషం తట్టుకోలేక కండె జారవిడిచాను కూడా.

"ఏ సుమనా! కండె!" అని ఎల్లవ్వ కసిరింది. ఆమె నన్ను కసరడం అదే మొదలు.

రెండు మూరలు. రెండున్నర. జనం నాడె వేగానికి చప్పట్లు కలిపారు. మర మగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడే మగాళ్లు ట్రక్కు పక్కన పరుగెడుతూ "ఇంక జానెడే! ఇంక బెత్తెడే!" అని అరుస్తున్నారు. గుడి గేటు కనబడింది. నా మొగుడు బండిని చీమ నడకకు తెచ్చాడు. అందుకు ఆయన తప్పులన్నీ ఆ రోజుకు మాఫీ చేశాను. గేటు పది అడుగులుందనగా ఎల్లవ్వ ఆఖరి పేక కొట్టి చేతులెత్తింది.

అచ్చులో జానెడు కొసలు వదిలి కోసింది. లక్ష్మీరాజం కండువాను తల మీద పెట్టుకుని మెట్లెక్కాడు. పూజారి దాన్ని స్వామి భుజం మీదుగా ఛాతీ మీదికి వేశాడు. తెల్లటి గుడ్డ. కింద అంచున ముళ్ల దగ్గర్నుంచి వేలాడుతున్నాయి పసుపెక్కిన పాత కొసలు, నాలుగు వందల పైచిలుకు, స్వామి గుండె దగ్గర, దీపం వెలుగులో, గాలికి ఊగుతూ.

ఎల్లవ్వ దండం పెట్టడం మర్చిపోయింది. నీళ్ల డ్రమ్ముకు, కాకికి, టైరుకు మర్చిపోని మనిషి! అచ్చును చంటిబిడ్డలా పొదివి పట్టుకుని, తడిసిన చీరతో అలాగే నిలబడి చూస్తోంది. నేను చెయ్యి పట్టుకున్నాను. నేను ఏడుస్తున్నాను, ఆమె ఏడవడం లేదు.

"సూసినవా సుమనా" అంది. "మా నాయిన సూరత్ అచ్చిండు."