ముప్పయ్యేడో వారం

మేడ్చల్‌లో బస్ డిపో దాటి రైల్వే స్టేషన్ వైపు మళ్లే సందులో ఒక పెళ్లికార్డుల ప్రెస్సు ఉండేది. పరమేష్ అందులో పనివాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలుగా పేర్చడం, కార్డులు అచ్చేయడం, తీరిక దొరికితే పుస్తకాలు బైండు చేయడం అతని పని. రాసిచ్చింది రాసిచ్చినట్టే పేర్చాలి తప్ప సొంత తెలివి చూపించకూడదని అతని పట్టుదల. ఆ పట్టుదలను జీవితంలో ఒక్కసారే వదిలాడు.

ఆ రోజుల్లో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కోసి, వారాలన్నీ వరసగా పెట్టి, అట్టవేసి కుట్టించుకోవడం జనానికొక పిచ్చి. ఆ పిచ్చి అందరికంటే ముదిరినవాడు రావల్కోల్ ఊరి జనార్ధన్, ఇరవై ఎకరాల ఆసామి కొడుకు. అతని ప్రాణమంతా ‘అరుణకక్ష్య’ అనే సీరియల్ మీదే. జానకిరామయ్య అనే లెక్కల మాస్టారు రాసిన అంతరిక్ష కథ అది. భూమిని వదిలి ఎర్రగ్రహం అవతలికి వెళ్లే నౌక, అందులో నలభై మంది.

"వారానికింత ముద్ద పెట్టి ఆకలితోని లేపుడేంది? మొత్తం అయినంక ఒక్కపారే సదువుత" అని జనార్ధన్ పత్రికను మడత కూడా విప్పకుండా తెచ్చి పరమేష్ చేతిలో పెట్టేవాడు. పరమేష్ మాత్రం అన్నం తింటూ గుట్టుగా చదివేసేవాడు.

1993 ఎండాకాలంలో పరమేష్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి పేరు పెట్టాలని, అందాకా పేరు బయటపెట్టొద్దని అతని తల్లి దుర్గమ్మ కట్టడి చేసింది. పరమేష్ లోలోపల సహస్ర అనుకున్నాడు. భార్య సుచిత్రకు కూడా చెప్పలేదు. తొట్టెల రోజు అందరి ముందూ చెప్పి ఆమె ముఖం చూడాలని పిచ్చివాడి ఆశ. తొమ్మిదో రోజున పిల్ల ఒళ్లు కాలిపోయింది. పట్నం ఆస్పత్రికి తీసుకుపోతుంటే బస్సులోనే, సుచిత్ర ఒడిలోనే పోయింది.

"పేరన్న పెట్టని బిడ్డ. మనసుల పెట్టుకోకుండ్రి. మల్ల పుడ్తది" అంది దుర్గమ్మ. పెద్దావిడ ఓదార్పు అనుకునే అంది. మళ్లీ పుట్టలేదు. పిల్లకు ఫోటో లేదు, ఏ రిజిస్టరులోనూ ఒక్క అక్షరం లేదు. ఆ పేరు తెలిసింది పరమేష్ ఒక్కడికే. అతను నోరు విప్పలేదు.

కొన్నాళ్లకు ప్రెస్సుకు వచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మతి వెంట రాలేదు. సిరా అంటిన అక్షరాలు తుడవడానికి చేతికందిన కాగితాలు చింపాడు. అవి జనార్ధన్ ఇచ్చిపోయిన ముప్పయ్యేడో వారం పేజీలు, తను ఇంకా చదవనైనా లేదు. తేరుకుని చూసేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. ఊళ్లో అడిగాడు, సికింద్రాబాద్ పోయి పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడా దొరకలేదు.

నిజం చెబితే జనార్ధన్ నాలుగు తిట్టి ఊరుకునేవాడు. కానీ నిజం చెప్పాలంటే ఆ రోజు చేతులు ఎందుకు తప్పాయో చెప్పాలి, అది పరమేష్ వల్ల కాలేదు. ముప్పయ్యారో వారంలో నౌకలో గాలి ఆగిపోయింది. ముప్పయ్యెనిమిదిలో అందరూ నిక్షేపంగా ఊపిరి పీలుస్తున్నారు. సీరియల్ అయిపోయి పుస్తకం కుట్టాల్సిన రోజు వచ్చాక, నడుమ ఏం జరిగిందో తనే అల్లాడు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లినప్పుడు, కాగితం మీద రాసుకోకుండా నేరుగా సీసపు అక్షరాల్లోనే పేర్చుకుంటూ పోయాడు. నౌకలోనే పుట్టిన ఒక పిల్ల ఉంది. గాలిగొట్టంలో పెద్దవాళ్లెవరూ పట్టరు. ఏడేళ్ల ఆ పిల్ల దూరి, లోపల అడ్డుపడింది తీసి, అందరి ఊపిరీ నిలబెట్టింది. ఆ పిల్లకు పేరు పెట్టే చోట పరమేష్ చెయ్యి తడుముకోలేదు. సహస్ర అని పేర్చాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ముప్పయ్యెనిమిదో వారం నుంచి చివరిదాకా కథలో అలాంటి పిల్ల ఊసే లేదు. చంపేస్తే సరిపోయేది. అది మాత్రం పేర్చలేకపోయాడు. చివరికి, గొట్టంలో విషపుగాలి పీల్చిన పిల్లను చల్లటి గాజుపెట్టెలో నిద్రపుచ్చారనీ, నౌక నేల మీద దిగిన రోజు లేపుతారనీ ముగించి, ఎనిమిది పేజీలు అచ్చేసి మధ్యలో కుట్టేశాడు.

"గీ వారం అక్షరాలు లావున్నయేంది?" అన్నాడు జనార్ధన్.

"వాళ్ల మిషను ఖరాబైందంట పటేలా."

ఆ పుస్తకం రావల్కోల్ నుంచి మేడ్చల్‌కు, అక్కణ్ణించి శామీర్‌పేటకు చేతులు మారింది. చదివిన ప్రతివాడికీ ఆ పిల్లే నచ్చింది. సీరియల్ నౌక దిగకుండానే ఆగింది కాబట్టి, రెండో భాగంలో ఆమెను లేపుతారని ఎదురుచూశారు. డిపోలో పనిచేసే కండక్టర్ సత్తయ్య ఒక్కడు మాత్రం ఒకరోజు ప్రెస్సులో కూర్చుని, "నేను పత్రికల్నే సదివిన. గసోంటి పిల్ల ఎవ్వలు లేరు" అన్నాడు. జనార్ధన్ ఊరుకుంటాడా? "టికెట్లు కొట్టుకుంట సదివితె ఏం యాదికుంటది నీకు?" అని నలుగురిలో నోరు మూయించాడు. పరమేష్ తలవంచుకుని అక్షరాలు ఏరుకుంటూ అన్నీ విన్నాడు. తన బిడ్డ గురించి జనం బతికున్న మనిషి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుతుంటే అతనికి కడుపు నిండినట్టుండేది.

1996లో జనార్ధన్‌కు కూతురు పుట్టింది. తొట్టెల కార్డు వేయించడానికి మిఠాయి డబ్బాతో వచ్చాడు. "పేరు సహస్ర. మన నౌకల పిల్ల పేరే" అన్నాడు. పరమేష్ లేచాడు. అక్షరాలు ఏరి ఆ పేరు పేర్చాడు, రెండు వందల కార్డులు అచ్చేశాడు. ఏ తండ్రికీ రాకూడని పని అది. దానికి కూలి కూడా ఇచ్చారు.

2004 వచ్చేసరికి జనార్ధన్ పొలం అమ్మి శామీర్‌పేట వైపు ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. ప్రెస్సులోకి కంప్యూటర్ వచ్చింది. పరమేష్‌కు బైండింగు ఒక్కటే మిగిలింది. ఆ ఏడాది పట్నం పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ‘అరుణకక్ష్య’ రెండు భాగాలూ పుస్తకాలుగా వచ్చాయని, జానకిరామయ్య మాస్టారు స్వయంగా వస్తున్నారని తెలిసి జనార్ధన్ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. వందమంది ముందు లేచి నిలబడి, సహస్రను ఏ పేజీలో లేపారని అడిగాడు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, "అలాంటి పిల్ల నా నౌక ఎక్కలేదండీ" అన్నారు. జనం గొల్లున నవ్వారు. ఎనిమిదేళ్ల పిల్ల తండ్రి ముఖం వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే జనార్ధన్ పాత బైండు పుస్తకం తెచ్చి పరమేష్ ముందు పడేశాడు.

"ఎవరు రాసిండ్రు గిది?"

"నేనే పటేలా."

"కుట్టెటోనివి కుట్టాలె గని, నీకు తోచింది జొప్పిస్తె అది కథైతదా? సత్తయ్యను నలుగుట్ల తప్పు వట్టితి. నా బిడ్డకు గా పేరు వెట్టుకుంటి. నిన్న నా ఇజ్జత్ పోయింది. గా పేజీలు పీకెయ్."

 పరమేష్ అట్ట విప్పి, కత్తి మొనతో దారం తెంపాడు. రాసినాయనే లేదన్నాక లేనట్టే కదా. రాసిచ్చింది రాసిచ్చినట్టే పేర్చాలన్న పరమేష్ లెక్క కూడా అదే. పేజీలు ఒక్కొక్కటే వేరవుతున్నా జనార్ధన్ కోపం చల్లారలేదు.

"పదకొండేండ్లు యెర్రోన్ని జేసినవ్ గదరా. పుట్టనే పుట్టలేదు గా పిల్ల."

పరమేష్ చెయ్యి ఆగింది. "పుట్టింది పటేలా. తొమ్మిది దినాలున్నది."

 ఆ మాట అర్థమయ్యాక జనార్ధన్ అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. ఆ ఎండాకాలం పరమేష్ బిడ్డ పోయిందని అతనికీ తెలుసు. పలకరించడానికి కూడా వచ్చాడు.

"ఉండనియ్ ఇగ. మల్ల కుట్టు" అన్నాడు చివరికి.

"వద్దు పటేలా. గది ఆయన పుస్తకం. అండ్ల ఈమెకు జాగ లేదు."

"మరి మా బిడ్డ పేరు?"

"పిలుసుకోండ్రి. ఎవలో ఒకలు పిలవాలె గద."

ఆ ఎనిమిది పేజీలు మడిచి పరమేష్ ఇంటికి తీసుకుపోయాడు. వాటికి అట్టవేస్తే నిలవదు, అంత పలచన. పదకొండేళ్లుగా చెప్పనిది చెప్పడం చేతగాక, బియ్యం చెరుగుతున్న సుచిత్ర ముందు ఆ కాగితాలు పెట్టాడు. ఏడో తరగతి చదివిన మనిషి, వేలు పెట్టుకుని మెల్లగా చదివింది. పేరు దగ్గర ఆగింది.

"గిది జనార్ధన్ పటేల్ బిడ్డ పేరు గద?"

"కాదు. ముందుగాల మనదే. తొట్టెల్నాడు చెప్దామనుకున్న."

సుచిత్ర తల ఎత్తింది. ఆమె కళ్లలో అతను అనుకున్న ఓదార్పు లేదు.

"ఊరంతట్కి చెప్పినవ్. పుస్తకంల అచ్చేసినవ్. పరాయోళ్ల బిడ్డకు గూడ ఇచ్చినవ్. నాకు చెప్పకపోతివి" అంది. "పదకొండేండ్ల సంది ఏడ్సుటానికి కూసున్నప్పుడల్లా ఏమని పిలవాల్నో తెల్వక నోరు మూసుకున్న."

 ఆమె చాట పక్కకు నెట్టి, గోడకు ఆనుకుని, మొదటిసారి బిడ్డను పేరుతో పిలిచి ఏడవడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది.