సాగదీస్తేనే చెస్ట్‌నట్

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. అది యూనీలో, అదే కాలేజీలో, కొరియన్ చదువుతోంది. ఎందుకని అడిగితే భుజాలు ఎగరేసింది.

ఈ పరాయి దేశంలో, గిరావీన్ అనే చోట, మా పక్కింట్లో ఒక కొరియా ముసలావిడ ఉంది. నాలాగే భర్త పోయిన మనిషి. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు. అయినా కంచె దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకుంటాం.

ఆవిడ నేర్పిన మొదటి మాట ‘బమ్’. పొట్టిగా అంటే రాత్రి. సాగదీస్తే చెస్ట్‌నట్ అనే కాయ.

“ఇప్పటివాళ్ళు రెండూ ఒకేలా అంటారు అమ్మమ్మా, మా ట్యూటర్ కూడా. వెనకటికి చెస్ట్‌నట్‌ని గొంతు పైకి లేపి పలికేవాళ్ళట. ఆ రాగం పోయి సాగదీయడం మిగిలింది. నౌ అది కూడా గోయింగ్.”

“మరి తేడా ఎలా తెలుస్తుందే?”

“కాంటెక్స్ట్.”

అదేమిటో నేను అడగలేదు.

పోయినేడు చలి మొదలయ్యే రోజుల్లో ఆవిడ మణికట్టుకు కట్టుతో, రెండో చేతిలో సంచితో వచ్చింది. “బఅమ్,” అంది. మనవరాలు అడిగి చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ భర్తకు తద్దినం లాంటిది. పచ్చి చెస్ట్‌నట్లు ఒలిచి పెట్టాలి. కొడుకు ఈసారికి వద్దులే అన్నాడట. అవి లేకుండా ఆయనకు మొహం ఎలా చూపించను అని ఆవిడ బాధ. షాపులో ఇవే ఆఖరివి.

మాలో తద్దినం వంటకు బయటివాళ్ళ చెయ్యి తగలనివ్వరు. ఆ మాట చెప్పించాను. విని, ఆవిడ కత్తి నా చేతిలో పెట్టింది.

పైన గట్టి తొక్క, లోపల ఇంకో పొర. ఒలిచాక అచ్చం వక్కే. వక్కను చేసేదే చేశాను. సన్నగా పలుకులు తరిగి, కంచంలో పోసి ఇచ్చాను.

ఆవిడ కంచం చూసి నా మనవరాలి వైపు తిరిగింది.

“అమ్మమ్మా! అవి కాయలుగానే పెట్టాలి. హోల్‌గా!”

“ముందే చెప్పి చావొద్దూ?”

“ఫోన్ చూస్తున్నా.”

ఆవిడ ఒక పలుకు తీసి, అటూ ఇటూ తిప్పి, ఏదో అంది.

“తిడుతోందా?”

“కాదు. ఆయనకి పోయేనాటికే పళ్ళు లేవట. ఇన్నేళ్ళూ ముక్క చెయ్యని కాయలు ఎలా తిన్నాడో అంటోంది.”

ఆవిడ కంచం తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడు మళ్ళీ సంచితో వచ్చింది. కట్టు లేదు, చెయ్యి బాగానే ఉంది. కత్తి మాత్రం నాకే ఇచ్చింది.