ఓడెక్కని ముత్తాత

గురునాథానికి ఆ అబద్ధం ఆడే అవసరమే లేదు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బుకిట్ పంజాంగ్‌లో అద్దె ఫ్లాటు. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళను సింగపూర్ రెండు చేతులా పిలుస్తున్న రోజులవి. అయినా ఎక్కడికెళ్ళినా "ఎప్పుడొచ్చారు? ఎన్నాళ్ళుంటారు?" అని అడుగుతుంటే అతనికి ముల్లు గుచ్చినట్టుండేది.

పాత పోలీసు ఠాణాలో అతనుండే పేట చరిత్ర చూపించే చిన్న మ్యూజియం ఒకటుంది. ఒక శనివారం కూతురితో వెళ్తే, దాన్ని చూసుకునే మిస్ లిమ్ కూడా అదే అడిగింది. "మా ముత్తాతే ఓడ మీద వచ్చాడిక్కడికి" అనేశాడు. ఆవిడ మొహం విప్పారింది. ఆయన వస్తువేదైనా ఉందా అంది. ఇక తప్పేదేముంది, అమ్మ కాశీయాత్రకని కొనుక్కున్న ఇత్తడి మరచెంబు తెచ్చిచ్చాడు. అద్దాల బీరువాలో చెంబు, పక్కన ముత్తాత పేరు, కింద తన పేరు. ఆఫీసువాళ్ళను తీసుకెళ్ళి చూపించాడు కూడా.

నెల తిరక్కుండా, మ్యూజియంలో నంబరు తీసుకుని రాములమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. సింగపూర్‌లోనే పుట్టి పెద్దదైన మనిషి. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట.

"ఓడలో మా అయ్యకి ఒక నేస్తం ఉండేవోడు బాబూ. ఆళ్ళోళ్ళు అగుపిస్తే ఇడిసిపెట్టకని సెప్పి పోయాడు అయ్య. ఆ నేస్తం మీ ముత్తాతేమో?"

"అయ్యుండొచ్చమ్మా" అన్నాడు గురునాథం.

ఆదివారం బిషాన్‌లో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళక తప్పలేదు. బస్సు నడిపే కొడుకు సెలవు పెట్టి మరీ ఉన్నాడు. రాములమ్మ గురునాథం రెండు చేతులూ పట్టుకుని, ఎన్నడూ చూడని మనిషి పోలికల కోసం మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేపల పులుసు వడ్డించింది. అతను మొదటి ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాడు.

తలెత్తకుండా చెప్పాడు. "అమ్మా, మా ముత్తాత జిల్లా దాటి ఎరగడు. ఆ చెంబు మా అమ్మది. గొప్పకి పోయి చెప్పాను."

"ముందే సెప్పుంటే పిల్లోడి సేత సెలవు పెట్టించకపోదును" అంది రాములమ్మ. "పోనీ, అన్నం ముందు కూకున్నావు. తిను."

తిట్టినా బాగుండుననుకుంటూ తిన్నాడు.

మర్నాడు మిస్ లిమ్‌కీ చెప్పాడు. ఆవిడ పేర్ల చీటీ తీసేసి, చెంబు పాత పేపర్లో చుట్టి చేతికిచ్చింది.

తర్వాతెప్పుడో రైల్లో రాములమ్మ కనిపించింది. గుర్తుపట్టి, పక్క సీటు చూపించి, "రా బాబూ, కూకో" అంది.

"దిగాలమ్మా" అన్నాడు. తనది కాని స్టేషన్లో దిగిపోయాడు.