కొంగ ఈకలు

తెనాలిలో మా వీధి చివర స్టూడియో ఆయన వారమంతా పెళ్ళిఫొటోలు తీసేవారు. ఆదివారం పొద్దున్నే రేపల్లె వైపు పొలాల్లో కొంగల్ని తీయడానికి బయల్దేరేవారు. నేను కొత్తగా కెమెరా కొన్నానని తెలిసి నన్నూ బండెక్కించుకునేవారు. ఫొటో తీసిన ప్రతిసారీ ఎండ పడకుండా కెమెరా తెరకు అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకునేవారు.

"తెలుపు కాలకూడదు మాస్టారూ. చీకటిగా వస్తే రానివ్వండి, కంప్యూటర్లో లేపుకుందాం. వెలుగు ఎక్కువై తెలుపు కాలిందంటే మాత్రం ఈక ఇక దొరకదండి."

పెళ్ళివాళ్ళందరూ అమ్మాయిని ఇంకొంచెం తెల్లగా చేయమని అడిగి ఆయన ప్రాణం తోడేసేవారు. "కొంగ ఆ మాట అడగదండి," అని నవ్వేవారు.

మొన్న, ఇప్పుడు నేనుంటున్న బాపట్ల నుంచి వస్తూ స్టూడియో దగ్గర ఆగాను. ఆయన చూపు సగానికి పైగా పోయింది. పోయింది ఇక రాదని డాక్టరు తేల్చేశాడట. అయినా కంప్యూటర్ ముందు కూర్చుని పాత కొంగ ఫొటో ఒకటి దిద్దుతున్నారు.

"ఈకలు మసగ్గా ఉన్నాయండి," అని వెలుగు పెంచారు. రెక్క అంచున ఈకలు చెరిగిపోయాయి.

"ఇంకా కనబడట్లేదేంటి?" అని మళ్ళీ పెంచారు. మెడ పోయింది, వీపు పోయింది. పచ్చటి వరిచేలో కొంగంత తెల్లటి ఖాళీ మిగిలింది.

ఆ గదిలో ఎండ లేదు. అయినా అరచెయ్యి తెరకు అడ్డం పెట్టి, ముఖం బాగా దగ్గరికి తెచ్చి అడిగారు.

"తెలుపు కాలలేదు కదా మాస్టారూ?"